విప్పకముందే చెప్పాలి: బండి తెచ్చినవాడు మెకానిక్కు దగ్గర ఏం కోరుకుంటాడు?

 

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని సంపాదక వర్గం వారు కబురు పంపినప్పుడు మేము వెనకాడిన మాట నిజం. మా ఇద్దరి చేతులకూ పెన్ను కంటే పదో నంబరు స్పానరు అలవాటు. కవిత రాయమంటే మా వల్ల కాదు. కానీ ఈ ఏడాది హాస్టల్ నుంచి ముగ్గురు తమ్ముళ్లు వేరువేరు రోజుల్లో మా షెడ్డుకు వచ్చి ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, పదో తరగతి అయ్యాక మెకానిక్కు పని నేర్చుకుంటే బతగ్గలమా?" అని. బతకవచ్చు. మేము బతుకుతున్నాం. అయితే పని వచ్చినంత మాత్రాన షాపు నిలబడదు. మాకంటే బాగా పని తెలిసినవాళ్లు షట్టరు దించేసి హైదరాబాదు వెళ్లిపోవడం చూశాం. ఇంజను తెలియడం ఒక ఎత్తు, ఇంజను పట్టుకొచ్చిన మనిషి తెలియడం ఒక ఎత్తు. ఈ రెండోదాని గురించి మాకు తెలిసినంతలో రాస్తున్నాం. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మన రోడ్డు, మన బళ్లు

రామతీర్థం అంటే బయటివాళ్లకు రామస్వామి వారి గుడి, గుడి వెనక బోడికొండ, బౌద్ధుల కాలం నాటి ఇటుక కట్టడాలున్న గురుభక్తుల కొండ. మాకు మాత్రం రోడ్డే. ఒక వైపు నెల్లిమర్ల మీదుగా విజయనగరం పోతుంది. ఇంకో వైపు రణస్థలం దగ్గర జాతీయ రహదారిలో కలుస్తుంది. తెల్లవారకముందే పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలకు షిఫ్టుకు వెళ్లేవాళ్ల బళ్లు మొదలవుతాయి. ఆ తరువాత చింతపల్లి, కోనాడ తీరం వైపు నుంచి చేపల బుట్టలు కట్టుకున్న మోపెడ్లు, పాల క్యాన్ల బళ్లు, నెల్లిమర్ల జూట్ మిల్లు కార్మికులవి, తొమ్మిది దాటాక మాస్టార్లవి, సచివాలయం ఉద్యోగులవి వరసగా వస్తాయి. భీష్మ ఏకాదశికి, శివరాత్రికి, శ్రీరామనవమికి లెక్క వేరు. ఆ రోజుల్లో అన్నం తినడానికి కూడా తీరిక ఉండదు.

ఇందులో ఎక్కువ బళ్లు ఒకటే రకం. 1985లో హీరో హోండా వాళ్లు సి.డి. 100 తెచ్చారు, 1994లో స్ప్లెండర్ తెచ్చారు. ఆ రెండు కంపెనీలూ విడిపోయి 2011లో అది హీరో మోటోకార్ప్ అయినా మన ఊళ్లలో ఇప్పటికీ "హీరో హోండా" అనే అంటారు. 97.2 సి.సి. ఇంజను ఏళ్ల తరబడి పెద్దగా మారకుండా వచ్చింది కాబట్టే మాలాంటి రేకుల షెడ్డువాళ్లు బతికారు. ఒక బండి విప్పడం నేర్చుకుంటే వంద బళ్లు విప్పినట్టే. పార్టులు ప్రతి టౌనులోనూ దొరుకుతాయి. యమహా ఆర్.ఎక్స్. 100 ఉన్నవాళ్లు మాత్రం వేరే జాతి. కంపెనీ 1996లోనే ఆ బండి ఆపేసినా వాళ్లు దాన్ని కన్నబిడ్డలా చూసుకుంటారు, మన చేతిలో పెట్టి పక్కనే నిలబడతారు. వాళ్ల సంగతి ఇక్కడ రాయడం లేదు. బండి ఆగితే ఆ రోజు కూలి పోయేవాళ్ల సంగతి రాస్తున్నాం.

చేపల బుట్ట నేర్పిన పాఠం

షెడ్డు పెట్టిన కొత్తలో ఒక తెల్లవారుజామున చేపలు అమ్మే ఆయన టి.వి.ఎస్. ఎక్స్.ఎల్. నెట్టుకుంటూ వచ్చాడు. పాత మోడల్, టూ స్ట్రోక్ బండి. మాకు అప్పుడు పని చూపించాలనే ఉత్సాహం ఎక్కువ. కార్బొరేటర్ విప్పాం, జెట్లు ఊదాం, ఫ్లోటు చూశాం, సైలెన్సరు కూడా విప్పడానికి సిద్ధమయ్యాం. అరగంట దాటాక ఆయన ఇక ఉండబట్టలేక, "బాబూ, దానికేటయిందో నాకెందుకు? ఐసు కరిగిపోతంది. ఏడింటికి నాను ఊళ్లో ఉండాల" అన్నాడు. అప్పుడు ప్లగ్గు తీసి చూశాం. నల్లగా, తడిగా మసి పట్టి ఉంది. పెట్రోలులో ఆయిలు ఎక్కువ కలుపుతున్నాడు, అంతే. ప్లగ్గు మార్చి కిక్కు కొడితే రెండో కిక్కుకి స్టార్టయింది. మొదటే చూసి ఉంటే ఐదు నిమిషాల పని.

టూ స్ట్రోక్ బండికి ఆయిలు తక్కువైతే పిస్టన్ పట్టేస్తుందని అందరికీ భయం. ఆ భయంతో కొందరు లెక్క లేకుండా పోసేస్తారు. ఎక్కువైతే ప్లగ్గు మసిబారుతుంది, సైలెన్సరు మూసుకుపోతుంది. ఈ ముక్క ఆయనకు వివరంగా చెప్పి, ఆయిలు కొలిచి పోసుకోమని ఒక చిన్న సీసా మూత ఇచ్చి పంపాం. మరుసటి వారం తనలాంటి ఇద్దరిని వెంటబెట్టుకొచ్చాడు. మేము విప్పిన కార్బొరేటర్ ఎవరికీ గుర్తు లేదు. ఆ మూత గుర్తుంది.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, బండి తెచ్చినవాడికి రిపేరు అక్కర్లేదు. వాడికి కావలసింది ఏడింటికి ఊళ్లో ఉండడం. ఇది మర్చిపోయిన మెకానిక్కు ఎంత పని చేసినా తిట్లు తింటాడు.

ముందు వినాలి

"మైలేజీ రావట్లేదు" అనేది మా దగ్గరకు వచ్చే మొదటి ఫిర్యాదు. వెంటనే స్క్రూడ్రైవరు తీసి కార్బొరేటర్ మిక్చరు స్క్రూ తిప్పేయడం చాలామందికి అలవాటు. పెట్రోలు తగ్గించి గాలి పెంచితే రెండు రోజులు మైలేజీ వచ్చినట్టే ఉంటుంది. తరువాత ఇంజను వేడెక్కుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ముక్కుతుంది, మళ్లీ మన దగ్గరకే వస్తాడు. ఈసారి కోపంతో వస్తాడు.

మేము ఇప్పుడు ఏం చేస్తామంటే, ముందు నాలుగు ప్రశ్నలు అడుగుతాం. ఎప్పటి నుంచి? ఒక్కరే తిరుగుతున్నారా, బరువు వేస్తున్నారా? కొత్తగా ఎక్కడైనా పని చేయించారా? టైర్లలో గాలి ఎప్పుడు కొట్టించారు? ఆ తరువాత బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి వెనక చక్రం చేత్తో తిప్పుతాం. సాఫీగా తిరగకుండా పట్టేస్తుంటే బ్రేకు బిగుసుకుందని అర్థం. చెయిన్ చూస్తాం. కింది వైపు మధ్యలో వేలితో ఎత్తితే సుమారు అంగుళం ఆడాలి. అసలు ఆడకపోతే అది కూడా బండిని లాగేస్తుంది. ఎయిర్ ఫిల్టరు తీసి చూస్తాం. మన దారిలో క్వారీ లారీల దుమ్ము ఎక్కువ, ఫిల్టరు అట్ట కట్టేస్తుంది. ఎక్సలేటరు ఇచ్చినప్పుడు శబ్దం పెరిగి వేగం పెరగకపోతే క్లచ్చు జారుతున్నట్టు. ఇవన్నీ చూశాకే కార్బొరేటర్ జోలికి వెళ్లాలి. చాలాసార్లు అంత దూరం పోనక్కర్లేదు.

"ఏదో శబ్దం వస్తోంది" అన్నవాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని రౌండుకు వెళ్లండి. వాడు నెలల తరబడి ఆ శబ్దంతో తిరుగుతున్నాడు. మనకు వినపడే లోపలే భుజం మీద చెయ్యి వేసి "ఇదిగో, ఇప్పుడొచ్చింది" అంటాడు. మనకు తెలియనిది వాడికి తెలుసు. ఒప్పుకోవడానికి మెకానిక్కులకు చిన్నతనం.

ధర మాట

కంపెనీ సర్వీసు సెంటర్లో ఫ్రీ సర్వీసులు, వారంటీ అయిపోయాక జనం బయటి షాపుకు వస్తారు. తక్కువకు చేస్తామని మాత్రమే వస్తారనుకుంటే పొరపాటు. అక్కడ బండి ఎవరు చూశారో తెలియదు, ఇక్కడ బండి విప్పినవాడే ఎదురుగా కూర్చుంటాడు, అడగవచ్చు. అందుకు వస్తారు. అయితే కంపెనీ దగ్గర మంచి పద్ధతి ఒకటుంది, దాన్ని మేము సిగ్గుపడకుండా తెచ్చుకున్నాం. అది జాబ్ కార్డు. మా జాబ్ కార్డు అంటే రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు, మధ్యలో కార్బన్ పేపరు. బండి నంబరు, కిలోమీటరు రీడింగు, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది, చెప్పిన ఫిర్యాదు, చేయబోయే పని, అయ్యే డబ్బు, ఇచ్చే టైము రాస్తాం. కింద కాపీ చింపి చేతికిస్తాం.

డబ్బు ఎంతవుతుందో విప్పకముందే చెప్పాలి. ఇది రాయడానికి ఒక్క వాక్యం, చేయడానికి చాలా కష్టం. ఎందుకంటే కొన్ని విప్పితే గానీ తెలియవు. సైలెన్సరు నుంచి నీలం పొగ వస్తోందనుకోండి. పొద్దున్న స్టార్టు చేసినప్పుడు కాసేపు వచ్చి ఆగిపోతే వాల్వు ఆయిల్ సీలుతో పోవచ్చు. ఎక్సలేటరు ఇచ్చినప్పుడల్లా వస్తుంటే రింగులు, బోరు అరిగి ఉండవచ్చు. బోరు కొట్టించాలంటే విజయనగరం లేతుకు పంపాలి. రెంటికీ ఖర్చులో పొంతన లేదు. ఇలాంటప్పుడు కొందరు తక్కువ మొత్తం చెప్పి బండి విప్పేస్తారు. ఇంజను ముక్కలై గోనెపట్టా మీద ఉన్నాక అసలు ధర చెబుతారు. వాడు ఆ ముక్కలు మూట కట్టుకుని ఎక్కడికి పోతాడు? ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోవడమే వాడు మన షాపుకు రావడం చివరిసారి.

మేము రెండు మెట్లుగా చెబుతాం. "విప్పి చూడటానికి ఇంత. సీలుతో పోతే ఇంత, బోరు దాకా వెళ్తే ఇంత. విప్పాక ఫోను చేస్తాం, మీరు సరే అనేదాకా ముట్టుకోం. వద్దంటే విప్పిన కూలి ఇచ్చి తీసుకుపోండి." పెద్ద మొత్తం ముందే చెబితే భయపడి పారిపోతారేమో అనుకున్నాం. కొందరు వెళ్లారు కూడా. కానీ ఉన్నవాళ్లు మా మీద అరవలేదు.

బిల్లు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం చేసిన పనికి బిల్లు గాని రశీదు గాని ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందకు వస్తుంది. రేకుల షెడ్డు కదా అని మినహాయింపు ఏమీ లేదు. ఫిర్యాదు చేయదలచినవాళ్లకు 1915 నంబరు ఉంది, జిల్లా కమిషన్ ఉంది. మేము మొదట భయంతో బిల్లు పుస్తకం కొన్నాం. తరువాత తెలిసింది, ఆ కాగితాన్ని జనం ఆర్.సి.తో పాటు ప్లాస్టిక్ కవర్లో దాచుకుంటున్నారని.

పాత సామాను చేతికివ్వాలి

ఇంజను లోపల ఏముందో తెచ్చినవాడికి కనపడదు. "చెయిన్ సెట్ పోయింది" అంటే మన మాట నమ్మాలి, లేదా నమ్మినట్టు నటించాలి. అందుకని చూపించాలి. అరిగిన స్ప్రాకెట్ పళ్లు కొడవలి కొసల్లా ఒక వైపు వంగి ఉంటాయి. కొత్త దాని పక్కన పెడితే చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది. బ్రేకు షూ అయితే లైనింగు ఎంత మిగిలిందో వాళ్ల వేలితోనే తడిమి చూడమంటాం. మార్చిన ప్రతి సామానూ పాత కాగితంలో చుట్టి చేతికిస్తాం. ఇంటికెళ్లి పారేస్తారు, మాకు తెలుసు. అయినా అడిగి మరీ తీసుకువెళతారు.

పార్టుల్లో మూడు రకాలు. కంపెనీ ఒరిజినల్, పేరున్న వేరే కంపెనీవాళ్లు చేసేవి, పేరు లేనివి. మూడు ధరలూ చెప్పి, ఏది ఎంతకాలం వస్తుందో మాకు తెలిసినంత చెప్పి, ఏది వేయాలో వాళ్లనే తేల్చుకోమంటాం. పేరు లేనిది అడిగేవాడు పిసినారి కాదు. వాడి దగ్గర ఆ రోజు అంతే ఉండవచ్చు. కానీ బ్రేకుల విషయంలో మాత్రం పేరు లేనిది వేయం. అంతగా అయితే మిగతాది అప్పు రాసుకుంటాం.

ఇంజన్ ఆయిలు విషయం ప్రత్యేకం. మన బళ్లలో క్లచ్చు ఆయిల్లోనే మునిగి ఉంటుంది. కార్లకు వేసే ఆయిల్లో రాపిడి తగ్గించే మందులు ఉంటే క్లచ్చు జారిపోతుంది. అందుకే డబ్బా మీద "జాసో ఎం.ఏ." అని ఉందో లేదో చూడాలి. సీలు డబ్బా వాళ్ల ఎదురుగానే విప్పి పోయాలి. ఖాళీ డబ్బాకు మేకుతో బొక్క పెట్టి పక్కన పడేయాలి. మంచి డబ్బాలు ఏరుకుపోయి అందులో నకిలీ ఆయిలు నింపి అమ్మేవాళ్లున్నారు. బొక్క ఎందుకు పెడుతున్నామో అడిగినవాళ్లకు చెబుతాం. ఆ చిన్న పనితో వచ్చిన నమ్మకం మా బోర్డు పెయింటింగుతో రాలేదు.

ఒరిజినల్ పార్టులు బయటి మెకానిక్కులకు దొరకాలా వద్దా అనేది దేశమంతా నడిచిన గొడవే. కార్ల విషయంలో 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ వారు 14 కంపెనీలకు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేశారు. విడి భాగాలు, రిపేరుకు కావలసిన సమాచారం బయట దొరకకుండా చేసి, కారు కొన్నవాళ్లు తమ డీలర్ల దగ్గరకే రావలసిన పరిస్థితి కల్పించారన్నది ఆరోపణ. తరువాత అప్పీళ్లు నడిచాయి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న "రైట్ టు రిపేర్" పోర్టల్ తెచ్చింది. సొంత వస్తువును నచ్చిన చోట బాగుచేయించుకునే హక్కు అన్నమాట. అందులో వాహనాలు కూడా ఒక విభాగం. మా షెడ్డుకు వచ్చే ముసలి రైతుకు ఈ మాటలు తెలియవు. కానీ "నా బండి, నా ఇష్టం ఉన్నోడి దగ్గరికెళ్తాను" అనడం తెలుసు.

టైము చెప్పి తప్పిన రోజు

ఇది రాయాలా వద్దా అని మేమిద్దరం వాదించుకున్నాం. రాయడమే మంచిదనుకున్నాం.

పక్క ఊరి మనిషి ఒకాయన క్లచ్ ప్లేట్లు మార్చమని సాయంత్రం బండి ఇచ్చి, "రేపు పొద్దున్న పదింటికి కావాలి, మా ఇంటిదాన్ని స్కానింగుకు విజయనగరం తీసుకెళ్లాలి" అన్నాడు. ఆమెకు ఏడో నెల. సరే అన్నాం. అప్పటికి ప్లేట్లు మా దగ్గర లేవు. పొద్దున్నే కుర్రాణ్ణి విజయనగరం పంపాం. వాడికి మొదటి షాపులో దొరకలేదు, రెండో షాపు ఇంకా తెరవలేదు. పదింటికి ఆయన భార్యతో సహా వచ్చాడు. "గంటలో అయిపోద్ది" అన్నాం. పదకొండుకు మళ్లీ "ఇంకో అరగంట" అన్నాం. కుర్రాడు ఇంకా బస్సే ఎక్కలేదని మాకు తెలుసు. అయినా అన్నాం. ఆమె మా షెడ్డు ముందు వేపచెట్టు కింద రాయి మీద కూర్చుంది. పన్నెండింటికి ఆటో పట్టుకుని వెళ్లారు. టోకెన్ దాటిపోయింది, ఇంకో రోజు రమ్మన్నారు. ఆ రోజు కూలి, ఆటో డబ్బులు, ఇంకో రోజు కూలి అన్నీ పోయాయి. సాయంత్రం వచ్చి బండి తీసుకుని, అడిగిన డబ్బులిచ్చి, ఒక్క మాట అనకుండా వెళ్లాడు.

ఆ తరువాత ఒకసారి ఆయన బండి ఆగిపోతే మా షెడ్డు ముందు నుంచే నెట్టుకుంటూ నెల్లిమర్ల వైపు పోవడం చూశాం. పిలవడానికి నోరు రాలేదు.

పది గంటలకే "ప్లేట్లు రాలేదు, ఈ పూట కాదు, మా బండి తీసుకుపోండి" అని ఉంటే సరిపోయేది. మా బండి అక్కడే ఉంది. ఆలస్యం కంటే అబద్ధమే ఎక్కువ చేటు చేసింది. అప్పటి నుంచి పార్టు చేతిలో లేకపోతే టైము చెప్పడం మానేశాం. టైము మారితే వాళ్లు రాకముందే మేమే ఫోను చేస్తాం. ఒక పాత ప్లాటినా బండిని ఎవరికైనా అవసరానికి ఇవ్వడానికని ఉంచాం. చెట్టు కింద రాయి తీసేసి బెంచీ వేశాం.

మొన్న శివరాత్రి జనంలో ఆయన బండి చెయిన్ లింకు సరిగ్గా మా షెడ్డు ఎదురుగా తెగింది. వేరే దారి లేక వచ్చాడు. ఒకటే అడిగాడు: "ఎన్నింటికి?" లింకు చేతిలో ఉంది కాబట్టి "ఇరవై నిమిషాలు" అన్నాం. అలాగే ఇచ్చాం. డబ్బులిచ్చి వెళ్లాడు. మళ్లీ ఇప్పటిదాకా రాలేదు.

రాదంటే రాదని చెప్పాలి

2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్. 6 నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో చాలావాటికి కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. సెన్సార్లు, ఒక చిన్న కంప్యూటరు ఉంటాయి. మీటరు మీద ఇంజను బొమ్మ లైటు వెలిగితే స్క్రూడ్రైవరుతో చేసేదేమీ లేదు. మొదట్లో మేము ఒక బండికి అది మార్చి ఇది మార్చి గుడ్డెద్దు చేలో పడ్డట్టు చేశాం. చివరికి చూస్తే ఒక సెన్సారు వైరు ఎలుక కొరికింది. అనవసరంగా మార్చిన వాటి డబ్బు తీసుకోలేదు, ఆ నెల అద్దె మాత్రం కష్టమైంది. ఇప్పుడు స్కానరు ఉన్న విజయనగరం మిత్రుడి దగ్గరకు పంపుతాం. "మాకు రాదు, ఫలానా చోటికి వెళ్లండి" అంటే చిన్నబోతామనుకున్నాం. అలా పంపినవాళ్లు బ్రేకులకు, చెయిన్‌కు తిరిగి మా దగ్గరకే వస్తున్నారు.

పెట్రోలులో ఇథనాల్ గురించి ఈమధ్య అందరూ అడుగుతున్నారు. 20 శాతం కలిపిన పెట్రోలు 2023 నుంచి బంకుల్లోకి రావడం మొదలైంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. బండిని నెలల తరబడి కదపకుండా ఉంచితే ట్యాంకు అడుగున నీళ్లు చేరే ప్రమాదం ఉంది. చాలా పాత బళ్లలో రబ్బరు పైపులు, వాషర్లు గట్టిపడో ఉబ్బో పాడవవచ్చు. పైపులు చూసుకోమని, ట్యాంకు మూత బిగువుగా ఉంచుకోమని చెబుతాం. అంతకుమించి భయపెట్టి డబ్బు చేసుకోవడం పాపం.

అడగనివి

కొన్ని జనం నోరు తెరిచి అడగరు. కానీ చూస్తారు. ట్యాంకులో పెట్రోలు తగ్గిందా? సామాను కడగడానికి వాళ్ల పెట్రోలు వాడకండి, కిరోసినో డీజిలో కొనుక్కోండి. సీటు కింద స్పానర్లు ఉన్నాయా? కిలోమీటరు రీడింగు ఎంత పెరిగింది? వాళ్ల బండి వేసుకుని టిఫినుకు వెళ్లిన కుర్రాడు మా షెడ్డులో రెండో రోజు ఉండడు.

సచివాలయాలు 2019 అక్టోబరులో మొదలయ్యాక స్కూటీల మీద వచ్చే అక్కలు, చెల్లెళ్లు ఎక్కువయ్యారు. వాళ్ల బండి సంగతి వాళ్లతోనే మాట్లాడండి. వెనక వచ్చిన తమ్ముడితోనో భర్తతోనో కాదు. ఒక ఏ.ఎన్.ఎం. అక్క మాతో, "బండి నాది, ఈ.ఎం.ఐ. నాది, మీరు ఆయనకేటి చెప్తారు?" అంది. ఆ రోజు నుంచి జాగ్రత్తగా ఉన్నాం. కూర్చోవడానికి శుభ్రమైన చోటు, తాగడానికి నీళ్లు, కుర్రాళ్ల నోట బూతు లేకపోవడం, ఇంత చాలు.

ఇంకో సంగతి. మొదటి ఏడాది కొందరు బండి ఆపి, "మీదే ఊరు? ఏ వీధి?" అని అడిగేవారు. చెప్పేవాళ్లం. "మళ్లీ వస్తాం" అని వెళ్లిపోయేవారు. దాని అర్థం ఈ హాస్టల్లో చదివినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. అలా వెళ్లినవాళ్లలో ఒకాయన ఒక వాన రాత్రి టైరు పంక్చరై వచ్చాడు. పంక్చరు వేసేదాకా బెంచీ మీద కూర్చుని, మా స్టీలు గ్లాసు తీసుకుని మా కుండలో నీళ్లే తాగాడు. ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు ఆయింట్లో మూడు బళ్లూ మా దగ్గరకే వస్తాయి. రానివాళ్లు ఇప్పటికీ రారు. వాళ్ల కోసం షట్టరు ముందు నిలబడం.

పని నేర్చుకోదలచిన తమ్ముళ్లకు

ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడు రెండేళ్లు. సర్టిఫికెట్ ఉంటే కంపెనీ సర్వీసు సెంటర్లో చేరడానికి, బ్యాంకు ముద్ర లోను అడగడానికి పనికొస్తుంది. ముద్ర పథకం 2015 నుంచి ఉంది, మొదటి మెట్టు శిశు లోను 50 వేల వరకు, తాకట్టు అక్కర్లేదు. టూల్ కిట్టుకు, గాలి కంప్రెసరుకు అది ఆధారం. నేరుగా షాపులో హెల్పరుగా చేరితే చెయ్యి తిరుగుతుంది గానీ కొత్త బళ్ల కరెంటు పని అర్థం కాదు. రెండూ కావాలి. లెక్కలు, కాస్త ఇంగ్లీషు కూడా కావాలి. సర్వీసు మాన్యువల్ తెలుగులో రాదు.

మా షెడ్డు గుడి నుంచి నెల్లిమర్ల వెళ్లే దారిలో ఉంది. నీలం రేకులు, ముందు వేపచెట్టు. పని చూడాలనుకున్నవాళ్లు పదో తరగతి పరీక్షలు రాశాక పాత చొక్కా ఒకటి వేసుకుని రండి. సోమవారం రావద్దు, ఆ రోజు సామాను కోసం టౌనుకు వెళతాం. పరీక్షలకు ముందే స్కూలు ఎగ్గొట్టి వచ్చినవాణ్ణి మాత్రం మా ప్లాటినా మీద ఎక్కించుకుని తిన్నగా వార్డెన్ గారి గది ముందు దించుతాం. ఇద్దరిని అలా దించాం కూడా, పేర్లు రాయడం లేదు.